ఉప్పెనకు ముందు మాట

కార్తికమాసము వచ్చినదంటే దినపత్రికలలో ఒక మూల ఒక వాక్యము తప్పక కనబడును: బందరు, కాకినాడ రేవులలో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగురవేసినారని. మూడవ నంబరైతే పాఠకుడు పుట త్రిప్పివేయును. పదవ నంబరైతే ఒకమారు ఆకాశము వంక చూచును. ఆ అంకెలు ఎవరికై పుట్టినవో ఆలోచించువారు అరుదు. అవి ఓడల కొరకు ఏర్పడిన సంజ్ఞలు. ఒకటి, రెండు దూరపు తుపానును తెలుపును. ఎనిమిది మొదలు పది వరకు మహాప్రమాదమునకు గుర్తులు. ఆపైన పదునొకండవది కూడ ఒకటి కలదు. హెచ్చరిక కేంద్రముతో సంబంధము తెగిపోయినదని దాని అర్థము. మాట అందకపోవుటయే అన్నిటికంటె పెద్ద అపాయమని ఆ పట్టిక కూర్చినవారు గ్రహించిరి కాబోలు.

ఓడ నడుపువానికి ఆ అంకె చాలును. లంకలో పాక వేసికొన్న కూలివానికి, ఒడ్డున వల ఆరబెట్టుకొను జాలరికి అది చాలదు.

1977 నవంబరు 19, శనివారము. దివిసీమలో వరి కోతకు వచ్చియున్న దినములు. బంగాళాఖాతములో తుపాను తిరుగుచున్నదని వాతావరణ శాఖ కొన్ని దినముల ముందే ఎరుగును. విశాఖపట్టణమున తుపానులను కనిపెట్టు రాడారు 1970లోనే అమర్చబడినది. గాలివానలు దివివారికి క్రొత్త కావు. ఇంటికప్పుకు మోకులు బిగించి, పశువులను కట్టివేసి, తలుపు మూసికొని కూర్చుండుట తాతలనాటి పద్ధతి. ఆనాడు వచ్చినది గాలి మాత్రమే కాదు. దాదాపు అయిదు మీటర్ల ఎత్తున సముద్రమే లేచి నేలమీదికి నడచి వచ్చినది. సొర్లగొంది వంటి పల్లెలు తుడిచిపెట్టుకొని పోయినవి. అధికారుల లెక్కలలోనే మృతులు పదివేలు. గాలికి చేసిన సన్నాహము నీటికి పనికిరాలేదు. మూసిన తలుపే ఎందరికో మృత్యుద్వారమైనది.

తెలుగువారికి ఈ నీటికి ప్రత్యేకమైన పేరు లేకపోలేదు. ఉప్పెన అన్నారు. వ్యుత్పత్తిని నిఘంటుకారులకు వదలినా, ఆ మాటలో ఉప్పు చెవికి తగులుచునే యుండును. ఇంత తేటయైన మాట వాడుకలో నుండగా, ప్రకటనలలో గంటకు ఇన్ని కిలోమీటర్ల వేగముతో గాలులు వీచుననుటయే ముందు వచ్చును. నీటి సంగతి చివరి వాక్యమగును. ప్రాణములు తీయుటలో నీటిదే పెద్దచేయి అయినప్పుడు చెప్పుటలోను దానికే ముందుపీట వేయవలదా?

మరియొక చిక్కు కలదు. 1977 తుపాను తీరము దాటినది చీరాల దగ్గర. ఉప్పెన విరుచుకొనిపడినది దివి మీద. ఇది విధివిలాసము కాదు, గాలి నడకలోని న్యాయము. ఈ అర్ధగోళమున తుపాను గాలులు గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగును. వాయవ్యముగా సాగివచ్చు తుపానుకు కుడిప్రక్కన, అనగా ఆంధ్రతీరమున ఈశాన్యపు ప్రక్కన, గాలి సముద్రమును నేలమీదికి త్రోయును. ఎడమప్రక్కన నేలనుండి వెనుకకు నెట్టును. తీరమున లోతు తక్కువైనచోట ఆ నీటికి పైకి లేచుట తప్ప దారి లేదు. సముద్రపు పోటు అదే వేళకు కలిసినదా, ఇక చెప్పనక్కరలేదు. కాబట్టి ‘చీరాల వద్ద దాటును’ అన్న వార్త విని దివివాడు ఊపిరి పీల్చుకొనుట కంటె ప్రమాదము లేదు. ఆ వార్త నిజముగా అతనికే హెచ్చరిక.

తుపాను కన్ను కూడ ఇట్టిదే. అది పైకి వచ్చినపుడు గాలి నిలిచిపోవును, ఒక్కొక్కప్పుడు ఆకాశము తేటపడును. గండము గడచినదని జనము బయటికి వత్తురు. కొంతసేపటికి అదే గాలి ఎదురు దిక్కునుండి విరుచుకొనిపడును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కన్ను విశాఖ మీదుగా పోయినప్పుడు నగరవాసులు ఈ పాఠమును కన్నులారా చూచినారు.

మాట సరిగా అందినచోట ఫలము లేకపోలేదు. 1990 మే నెలలో కృష్ణాముఖద్వార ప్రాంతముననే అతి తీవ్రమైన తుపాను తీరము దాటినది. లక్షలమందిని ముందే తరలించినందున మృతులు వెయ్యికి లోపలనే నిలిచిరి. ఒడిశాలో 1999 పెనుతుపానుకు దాదాపు పదివేల మంది బలియైనారు. 2013లో ఫైలిన్ గోపాలపురము వద్ద దాటునప్పటికి దాదాపు పది లక్షలమందిని తీరమునుండి కదల్చినారు, మరణములు పదులలోనే ఆగినవి.

అయినను కదలనివారు కదలరు. వారిని మొండివారనుట పట్టణవాసులకు అలవాటు. కాని అప్పు తెచ్చి కొన్న వల ఒడ్డున నున్నది, పాడిగేదె కొట్టములో నున్నది. ఇల్లు విడిచినచో దొంగ వచ్చునన్న భయము తుపాను భయమునకు తీసిపోదు. నిరుడు లారీ ఎక్కించి తీసికొనిపోగా తుపాను మరియొక దిక్కునకు పోయినది, రెండు దినముల కూలి పోయినది. ఈ లెక్కలన్నియు న్యాయమైనవే. పశువులకు మెరకనేల చూపక, వలకు హామీ యీయక, మనిషిని మాత్రము రమ్మనుట సగము పిలుపు. 1977 తరువాత స్తంభములపై తుపాను ఆశ్రయములు కట్టినారు. నీరు క్రిందుగా పోవును, జనము పైన నుందురు. మంచి కట్టడములే. వానిని చేరు బాట వానకు మునుగకున్నదా, స్త్రీలకు మరుగు కలదా, త్రాగునీరున్నదా, అన్నిటికి మించి అర్ధరాత్రి తాళపుచెవి ఎవరి మొలలో నున్నది? ఈ ప్రశ్నలను వేసవిలోనే అడుగవలెను. తీరమున మడ అడవులను నరికి రొయ్యల చెరువులు త్రవ్వినవారిని కూడ ఆ ఋతువుననే అడుగవలసియున్నది.

బందరును 1864 నవంబరు 1న ఉప్పెన ముంచి దాదాపు ముప్పదివేల మందిని పొట్టన పెట్టుకొన్నది. దివికి వచ్చినది అటుపిమ్మట నూటపదమూడేండ్లకు. ఆ నడుమ ఊళ్ళు మరచినవి, వృద్ధులు పోయినారు. 1977లో చెట్టు కొమ్మలు పట్టుకొని బ్రతికిన పిల్లలకు ఇప్పుడు అరువదికి అటునిటు. నీరు ఎంతవరకు వచ్చినదని అడిగినచో వారు చేయి పైకెత్తి చూపగలరు. ఆ చేయి చూపిన చోట బడిగోడ మీద ఒక గీత గీయించి, ప్రక్కన తేదీ వ్రాయించుటకు పంచాయతీకి ఒక డబ్బా రంగు చాలును. అప్పుడు హెచ్చరిక చేయువాడు అంకెలు వల్లింపనక్కరలేదు. నేటి రాత్రి నీరు ఆ గీతకు వచ్చునో, దానిని దాటునో చెప్పిన సరిపోవును.