మామునూరు విమానరంగము: పాతభూమి లెక్క

యుద్ధమునకై వేసిన విమానరంగములు యుద్ధముతోపాటు అంతరించుట లేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున తాడేపల్లిగూడెము, దొనకొండలలో వేసిన రన్‌వేలు నేటికిని నిలిచియున్నవి. అచ్చటికి విమానములు వచ్చుట మాత్రము ఎన్నడో మానినవి.

తెలంగాణమున ఇట్టి భూములలో వరంగల్లు చెంతనున్న మామునూరు ముఖ్యమైనది. కడపటి నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రభుత్వము 1930లో దీనిని ఏర్పఱచెను. 1948లో సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి ఆయుధములను రహస్యముగ సంస్థానమునకు చేరవేయుటతో, నిజాము విమానరంగములన్నియు సైనికదృష్టికి వచ్చినవి. ఆ సెప్టెంబరులోనే పోలీసుచర్య జరిగెను. తరువాత మామునూరునకు కొంతకాలము ప్రయాణికుల విమానములు వచ్చెను. 1981తో అవియు నిలిచిపోయెను. 2008లో తెఱచిన శంషాబాదు విమానాశ్రయమునకు 150 కిలోమీటర్ల లోపల వేఱొకటి రాగూడదను ఒడంబడిక మఱియొక అడ్డంకి యయ్యెను. అది తొలగిన పిమ్మట 2025 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము మామునూరునకు అనుమతి నిచ్చెను.

విమానము వలదని మేమనము. మా ప్రశ్న యొక్కటే. మొదట ఈ రంగమునకు 1,875 ఎకరములుండెనని చెప్పబడుచున్నది. 2024లో విమానాశ్రయ ప్రాధికార సంస్థ చేతిలోనుండినది సుమారు 696 ఎకరములు. చాలనందున మఱి 253 ఎకరములు రైతులనుండి సేకరించుటకు 2024 నవంబరులో రాష్ట్రప్రభుత్వము 205 కోట్ల రూపాయలు మంజూరు చేసెను. తక్కిన పాతభూమి ఏ సంవత్సరమున, ఎవరికి, ఏ యుత్తరువుచే పోయెనో సర్వే నంబర్ల వారీగ గ్రామచావడిలో ప్రకటించి, అటుపిమ్మట క్రొత్తభూమి నడుగుట న్యాయము. ఇందుకు వలయు రికార్డులను తెప్పించుట ఆబిడ్సులో, నాంపల్లి స్టేషను రోడ్డునగల భూపరిపాలన ప్రధాన కమిషనరు కార్యాలయమునకు అసాధ్యము కాదు.

2013 నాటి భూసేకరణ చట్టములో ఒక మంచి నియమము గలదు. తీసికొన్న భూమి అయిదేండ్లు ఉపయోగింపబడనిచో దానిని పూర్వపు యజమానికి గాని, ప్రభుత్వ భూనిధికి గాని చేర్చవలెను. ఈ "గాని" యన్న మాటలోనే రైతు ఓడిపోవును. రెండింటిలో ఏది సులభమో కచేరీలకు తెలియనిది కాదు.

గుంటూరుపల్లి, నక్కలపల్లి రైతులు 2025లో సర్వేకు అడ్డుపడినపుడు కొందఱు వారిని ప్రగతివిరోధులనిరి. వారడిగినది తగిన వెల, తమ యూళ్లకు దారి. 205 కోట్లను 253 ఎకరములకు పంచినచో ఎకరమునకు సుమారు 81 లక్షలు. పట్టణము చేరువ భూములలో ఆ మొత్తమునకు బావితో, మెరకపల్లముల సవరణతో కూడిన ఎకరము మరల దొరకునా? నాబోతు తన ద్రాక్షతోటకు మాఱుగ అహాబు రాజు ఇచ్చెదనన్న సొమ్మును వలదనెను. అతడు మూర్ఖుడని బైబిలు చదివినవారెవరు ననరు.

ఇక మనవారి తప్పు. అదే చట్టము ప్రకారము, గడచిన మూడేండ్లలో చుట్టుప్రక్కల రిజిస్టరైన విక్రయములలో హెచ్చువెల గల సగమును తీసికొని సగటు కట్టుదురు. పల్లెలలో దానిని 1 నుండి 2 రెట్ల వఱకు పెంచి, అంతే మొత్తము సాంత్వన ధనముగ చేర్చుదురు. స్టాంపు ఖర్చు మిగుల్చుకొనుటకు దస్తావేజులో సగము వెల వ్రాయించినవాడు తన పొలమునకే గాక పొరుగువాని పొలమునకును వెల తగ్గించినవాడగును. ఈ యలవాటు మా యెఱుకలో లేని గ్రామము లేదు. సంఘముల మహాసభలలో ఎరువుల పంపకముతోపాటు దీనినిగూడ చర్చింపవలెను.

ఆదిలాబాదులోని పాత విమానరంగమున పౌరవిమానములు నడుపుటకు వైమానికదళము 2025లో సమ్మతించెను. అచ్చటి సభ్యులు నోటీసు వచ్చువఱకు ఆగక, ఇప్పుడే పట్టాదారు పాసుపుస్తకములు, పహాణీ నకళ్లు, బావులు, చెట్లు, పైపుల వివరములు సిద్ధపఱచుకొని, సంఘము పక్షమున ఒక్క జాబితాగ వ్రాయించుకొనుట మేలు.