శత్రువొస్తేనే మోగే సైరన్

2025 మే 7న 244 జిల్లాల్లో పౌర రక్షణ మాక్ డ్రిల్ జరపమంది కేంద్ర హోంశాఖ. విశాఖలోనూ సైరన్లు మోగాయి. అంతకు సరిగ్గా అయిదేళ్ల ముందు, అదే మే 7 తెల్లవారుజామున, అదే నగరంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి వెంకటాపురం ఇళ్ల మీదకు కమ్ముకొచ్చింది. అప్పుడు మాత్రం సైరన్ మోగలేదు. దాన్ని మోగించే ఏర్పాటు ఫ్యాక్టరీలో 36 చోట్ల ఉందనీ, ఎవరూ వాడలేదనీ ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే తేల్చింది. పన్నెండు మంది పోయారు.

తప్పు కంపెనీదే, సందేహం లేదు. అయితే ఆపదంటే శత్రు విమానమేనని అరవై డెబ్బై ఏళ్లుగా అనుకుంటూ వచ్చిన మన పౌర రక్షణ సంగతేమిటి?

ఆ అలవాటుకు కారణం లేకపోలేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తారు. వైమానిక దాడుల వేళ దీపాలార్పించే ఏఆర్‌పీ (ఎయిర్ రెయిడ్ ప్రికాషన్స్) వార్డెన్లు ఆ కాలం వాళ్లే.

స్వాతంత్ర్యం వచ్చాక మొదటి అడుగు చక్కగానే పడింది. ప్రకృతి విపత్తుల్లో జనాన్ని ఆదుకోవడం నేర్పడానికి 1957లో నాగపూర్‌లో ఒక కేంద్ర శిక్షణ సంస్థ వెలిసింది. ఇంతలో 1962 చైనా యుద్ధం, 1965 పాకిస్తాన్ యుద్ధం. 1968లో పౌర రక్షణ చట్టం వచ్చింది. ఆ ఏడాదే నాగపూర్ సంస్థ జాతీయ పౌర రక్షణ కళాశాల అయింది. చట్టం పట్టించుకున్నది శత్రుదాడినే. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది గానీ, పాపం, అది శత్రుదేశం పంపింది కాదు! విపత్తు నిర్వహణ ఈ చట్టంలోకి రావడానికి 2009 సవరణ దాకా ఆగాల్సివచ్చింది. నాగపూర్‌లో 1957లోనే మొదలెట్టిన చోటికి మళ్లీ చేరడానికి అర్ధశతాబ్దం!

2006 నుంచి జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం (ఎన్‌డీఆర్‌ఎఫ్) ఉంది కదా అంటారు. ఉంది, బాగా పనిచేస్తోంది. కానీ ఆ బృందం వచ్చేలోపు గడిచే మొదటి అరగంట ఇరుగుపొరుగుదే. ఏ ఇంట్లో మంచాన పడ్డ ముసలమ్మ ఉందో, గాలి ఎటు వీస్తే ఎటు పరుగెత్తాలో తెలిసిన వార్డెన్ వీధికొకరు కావాలి. రసాయన ఫ్యాక్టరీల చుట్టూ ఉన్న ఊళ్ల నుంచే ఈ నియామకాలు మొదలుపెట్టాలి. అక్కడి సైరన్ పనిచేస్తోందో లేదో చూసే అధికారం కూడా ఆ వార్డెన్లకే ఇవ్వాలి, యాజమాన్యానికి కాదు.