75 ఏళ్ల నిరీక్షణ

1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా చాలా చిన్నది. హిందూ మతం కాక వేరొక మతాన్ని అవలంబించేవారిని షెడ్యూల్డు కులాలవారిగా ఎంచరాదన్నదే దాని సారాంశం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవ దళితులు మాత్రం 75 ఏళ్లు దాటినా గుమ్మం బయటే నిలబడి ఉన్నారు.

తట్టకపోవడం వల్ల ఆ తలుపు మూసి లేదు. 2004లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరాను తొలగించాలని సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్‌ను నియమించి రెండేళ్ల గడువిచ్చింది. తరువాత ఆ గడువును పొడిగించింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ క్రైస్తవ దళితులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు, ఏళ్లుగా పాస్టరుగా ఉన్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరలేడని చెప్పి, ఆయన పెట్టిన కేసును కొట్టివేసింది. ఒక అడుగు ముందుకు, రెండడుగులు వెనక్కు. తండ్రి దరఖాస్తు పెడితే మనవడు జవాబు కోసం చూస్తున్నాడు.

ఇలాంటి చోట మన సంఘాల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది: “ఓపిక పట్టు నాయనా, దేవుడే చూసుకుంటాడు.” మాట మంచిదే. కానీ దాన్ని ఎవరు, ఎవరితో అంటున్నారో చూడాలి. హాస్టల్ సీటు పోయిన పిల్లవాడితో, ఊళ్లో దెబ్బలు తిని స్టేషన్ మెట్లెక్కిన మనిషితో, ఏ నష్టమూ లేనివారు ఆ మాట అంటే అది ఓదార్పు కాదు.

లేఖనం చూపే ఓర్పు వేరు. యాకోబు తన పత్రికలో తొలకరి, కడవరి వానల కోసం కనిపెట్టే వ్యవసాయకుణ్ణి చూపిస్తాడు. ఆ రైతు చేతులు కట్టుకుని కూర్చోడు. దున్నుతాడు, విత్తుతాడు, కలుపు తీస్తాడు. వాన మాత్రం తన చేతిలో లేదని ఎరుగుతాడు. లూకా 18లో మన ప్రభువు ప్రార్థనకు మాదిరిగా చూపిన విధవరాలు న్యాయాధిపతి గుమ్మం విడిచిపెట్టలేదు. దేవుని మీద నమ్మిక ఉన్నందుకే ఆమెలాంటివారు రేపు మళ్లీ వెళ్తారు.

దేవుని పని నెమ్మదిగా సాగడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1840లో నెల్లూరులో మొదలైన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు దశాబ్దాలపాటు కంటికి కనిపించే ఫలం దాదాపు లేదు. దాన్ని మూసేయాలన్న చర్చ అమెరికాలో మళ్లీ మళ్లీ వచ్చింది. తరువాత 1876–78 కరవులో, కూటి కోసం వస్తున్నారన్న మాట రాకూడదని జాన్ క్లౌ బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. మూడో పేరా ఈనాడు గుమ్మం బయట నిలబెట్టింది వారి మునిమనవల వంటివారినే. ఆ కరవులో ఆకలితో ఉన్నవారు కూడా కనిపెట్టవలసి వచ్చింది. అయితే ఆ రోజుల్లో క్లౌ వారిని ఓపిక పట్టమని చెప్పి ఊరుకోలేదు. బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వారికి కూలి చూపించాడు. ఓర్పు బోధించేవారికి ఇది మాదిరి.

నిరీక్షణ పొడుగైతే దానికి తగ్గ శోధనలూ వస్తాయి. సర్టిఫికెట్‌లో ఒక పేరు, సంఘం రిజిస్టరులో మరో పేరు పెట్టుకుని బతికే కుటుంబాలు మనకు తెలియనివి కావు. వారిని వేలెత్తి చూపడం సులువు. మతం మారిన ఎస్సీలకు ఇక్కడ బీసీ–సీ కింద ఒక్క శాతమే రిజర్వేషన్ ఉందని, అత్యాచారాల చట్టం అండ వారికి లేదని తెలిసినవారు అంత తొందరగా తీర్పు తీర్చరు. వారిని ఆ ఇరుకులోకి నెట్టిన పేరా మీద మాట్లాడకుండా వారి అబద్ధం మీద మాత్రమే ప్రసంగిస్తే అది సగం సత్యమే.

మరో సంగతి మరింత చేదైనది. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు, మతం మారిన తరువాత కూడా అదే తీవ్రతతో కుల వివక్ష ఉందని చూపాలంది. ఆ రుజువు కోసం దూరం వెళ్లనక్కరలేదు. కులం చూసి కుదిర్చే క్రైస్తవ పెళ్లిళ్లు, కొన్నిచోట్ల వేరువేరుగా ఉన్న సమాధి స్థలాలు చాలు. ఢిల్లీ నుంచి రావలసిన న్యాయం ఆలస్యమవుతోంది, నిజమే. పెళ్లి సంబంధంలో, సంఘ కమిటీలో, శ్మశానంలో చేయవలసిన న్యాయానికి ఏ కమిషన్ నివేదికా అక్కరలేదు. దేవుడు మెల్లగా పనిచేస్తాడని చెబుతూ, మన వంతు పనిని కూడా ఆయన ఖాతాలో వేయడం విశ్వాసం అనిపించుకోదు.

మరి చేయవలసిందేమిటి? ఆగస్టు 10 నల్లదినాన్ని ఒక ర్యాలీతో ముగించకుండా, కమిషన్లకు, కోర్టులకు పనికివచ్చే వాస్తవాలను ప్రతి సంఘమూ రాసి భద్రపరచాలి. న్యాయం తెలిసిన విశ్వాసులు పేదవారి వెంట కోర్టు మెట్లెక్కాలి. నష్టపోయిన పిల్లల ఫీజుల్లో సంఘాలు పాలు పంచుకోవాలి. కాపరులు ఓర్పును బోధించిన ఆదివారమే దాని ఖరీదులో తమ వంతు కూడా చెల్లించాలి.

తీర్పు ఎప్పుడు వస్తుందో, ఎలా వస్తుందో మనం చెప్పలేం. వాన దేవునిది. దుక్కి మాత్రం మనది. అది ఈ ఏడాదిదీ ఈ ఏడాదే జరగాలి.