దొంగ నొప్పి అనుకున్నందుకే

1994 మార్చిలో అమెరికాలోని యూటా లోయల్లో 16 ఏళ్ల కుర్రాడొకడు కడుపునొప్పి అని రోజుల తరబడి మొత్తుకున్నాడు. వెంట ఉన్న సిబ్బంది దొంగ నొప్పి అన్నారు. అల్సర్‌కు చిల్లు పడి, ఇన్‌ఫెక్షన్ కడుపంతా పాకి నెలాఖరుకు చనిపోయాడు. పెడదారి పట్టిన పిల్లలను వారాల తరబడి కొండల్లో నడిపించి, అగ్గిపెట్టె లేకుండా నిప్పు రాజేయించి దారికి తేవాలనే పద్ధతిని వైల్డర్‌నెస్ థెరపీ అంటారు; అతణ్ని పంపిందీ అలాంటి శిబిరానికే. 1941లో వేల్స్‌లో మొదలైన ‘ఔట్‌వర్డ్ బౌండ్’ దీనికి ఒక మూలం. ఆ తర్వాత అమెరికాలో ఇది పెద్ద వ్యాపారమైంది. పిల్లల్లో కొందరిని అర్ధరాత్రి మంచం మీంచి లేపి మరీ తీసుకెళ్లేవారు. ఆ పనికి వేరే కిరాయి మనుషులు.

అడవి మేలు చేయదని కాదు. 2016లో 36 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు పిల్లల ఆత్మవిశ్వాసం, ప్రవర్తన ఒక మోస్తరుగా మెరుగుపడ్డట్టు తేలింది. అయితే ఈ రంగంలోని పరిశోధనల్లో చాలావాటికి పోల్చి చూసేందుకు మరో గుంపు లేదు. జ్వరం 104 దాటాక ఏ మందు వేసినా రెండు రోజులకు అదే తగ్గించినట్టు కనిపిస్తుంది. సంక్షోభం ముదిరినప్పుడు పంపిన పిల్లల సంగతీ అంతే. పైగా బాగుపడ్డది అడవి వల్లా, బలవంతం వల్లా అన్నది ఈ లెక్కల్లో విడిపడదు. నా అభ్యంతరం బలవంతం మీదే. పిల్లవాడి మాటను ముందే నాటకంగా లెక్కగట్టే చోట, ప్రమాదాన్ని చెప్పగల ఒకే ఒక్క నోరు మూతపడుతుంది. 2007లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ ఇలాంటి కేంద్రాలపై వేల ఆరోపణలను, 10 మరణాలను పరిశీలించింది. అయినా 2024 ఫిబ్రవరిలో నార్త్ కరోలినాలో 12 ఏళ్ల బాలుడు శిబిరంలో అడుగుపెట్టిన మర్నాడే చనిపోయాడు. అతణ్ని పడుకోబెట్టిన చిన్న గుడారానికి, బయటికొస్తే తెలిసేలా అలారం పెట్టారు. ఊపిరాడక పోయాడని శవపరీక్ష చెప్పింది.

మత్తుకు బానిసైన పిల్లవాడు తనంతట తాను చికిత్సకు ఒప్పుకుంటాడా అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ప్రాణం మీదికొస్తే ఆసుపత్రిలో బలవంతంగా చేర్చక తప్పదు. కానీ అక్కడ డాక్టరుంటాడు, కేస్ షీటుంటుంది, అడిగే చట్టముంటుంది. రోడ్డుకు రెండు రోజుల నడకలో ఉన్న శిబిరంలో ఇవేవీ అందవు. నార్వేలో సోర్లాండెట్ ఆసుపత్రి పిల్లల మానసిక వైద్య విభాగం కూడా అడవినే వాడుతుంది. అక్కడ పిల్లలు ఇష్టపడితేనే వస్తారు, విహారం అయ్యాక ఇంటికి పోతారు. అమెరికాలో మాత్రం 2024 డిసెంబరులో వచ్చిన చట్టం ప్రధానంగా చేసిందల్లా ఈ కేంద్రాల మీద మరో అధ్యయనానికి ఆదేశించడమే.