తాతయ్య అంటించిన చీటీలు

పిల్లలూ!

ఈ వేసవి సెలవుల్లో మా ఇంట్లో ఒక ఆటపెట్టె తయారయింది. నిలువెత్తు చెక్కపెట్టె. దానికొక తెర, తెర కింద చేత్తో కదిపే కర్ర, పక్కన రెండు బొత్తాలు. మా మనవడూ, మనవరాలూ, నేనూ కలిసి చేశాము. చేసేటప్పుడు నేనొక తప్పు చేశాను. ముప్పై అయిదేళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాడు చేయకూడని తప్పు! ఈ నెల ఆ సంగతే చెబుతాను.

ఇలాంటి పెట్టెలు కొత్తవి కావు. 1972లో అమెరికాలో అటారి అనే సంస్థ ‘పాంగ్’ అనే ఆటపెట్టె చేసింది. టేబుల్ టెన్నిస్ వంటి ఆట. నాణెం వేస్తే ఆడనిస్తుంది. మొదటి పెట్టెను కాలిఫోర్నియాలోని సనీవేల్ అనే ఊళ్ళో, ఒక పానశాలలో పెట్టారు. కొద్దిరోజులకే “పెట్టె ఆగిపోయింది” అని కబురు వచ్చింది. దాన్ని చేసిన ఇంజనీరు ఆలన్ ఆల్‌కార్న్ వెళ్ళి తెరిచి చూస్తే, చెడిందేమీ లేదు. నాణాలు పడే డబ్బా నిండిపోయి, కొత్త నాణెం దిగడానికి చోటు లేదు!

1980లో జపానులో ‘పాక్‌మాన్’ వచ్చింది. ఒక పసుపుపచ్చని గుండ్రటి బొమ్మ నోరు తెరుచుకుని, దయ్యాలను తప్పించుకుంటూ, దారిలోని చుక్కలన్నీ మింగుతూ పోతుంది. గబగబా తినడాన్ని జపానువాళ్ళు ‘పకు పకు’ అంటారు. పేరు అందులోంచే వచ్చింది. మనం పకపకా నవ్వుతాం, వాళ్ళు పకుపకూ తింటారు!

మా మనవడికి అలాంటి ఆటలంటే ప్రాణం. వాడు “కొనిపెట్టు తాతయ్యా” అనలేదు, “చేద్దాం తాతయ్యా” అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. వాళ్ళ నాన్న వాడకుండా వదిలేసిన కంప్యూటరూ, తెరా ఉండనే ఉన్నాయి. ఆటను రాసినవారే ఉచితంగా ఇచ్చినది ఒకటి అందులో పెట్టుకున్నాము. వడ్రంగి చేత ప్లైవుడ్ పలకలు కోయించాము. కర్రా, బొత్తాలూ కొన్నాము. కర్ర బిగించే పలక ఎంత ఎత్తున ఉండాలి? అందరిలోకీ చిన్నది మా మనవరాలు. దాన్ని నిలబెట్టి, మోచేతి ఎత్తున గీత గీశాము. పెద్దవాళ్ళు వంగగలరు గాని, చిన్నవాళ్ళు అప్పటికప్పుడు పెరగలేరు గదా!

ఇక కర్ర సంగతి. లోపల మాయ ఏమీ లేదు. కర్ర కింది కొస చుట్టూ, నాలుగు వైపులా నాలుగు చిన్న స్విచ్చులున్నాయి. కర్రను ఒక పక్కకు తోస్తే కింది కొస ఒక స్విచ్చిని టక్కున నొక్కుతుంది. విద్యుద్వలయం పూర్తవుతుంది. ఇంట్లో దీపం స్విచ్చి చేసే పని కూడా ఇదే. స్విచ్చికి రెండేసి తీగెల చొప్పున ఎనిమిది కావాలి కదా అంటారేమో! అక్కరలేదు. నాలుగింటికీ ఒక్కొక్క కొసను కలిపి ఒకే తీగెకు తగిలిస్తే, మొత్తం అయిదు తీగెలు చాలు.

కర్రను నిటారుగా నిలబెట్టి, ఎడమ వైపు స్విచ్చికి ‘ఎడమ’ అనీ, కుడి వైపు దానికి ‘కుడి’ అనీ, ఇలా నాలుగింటికీ చీటీలు అంటించాను. “ఒక్కసారి కదిపి చూసి అంటించు తాతయ్యా” అన్నది మనవరాలు.

“చూడడానికేమున్నది? ఎడమంటే ఎడమే. చిన్నపిల్లవి, ఊరుకో” అన్నాను.

చీటీల ప్రకారం తీగెలు తగిలించాము. సాయంత్రం ఇంటిల్లిపాదీ చేరారు. మనవడు కర్రను ఎడమకు తోశాడు. బొమ్మ కుడికి పరుగెత్తింది! ముందుకు తోస్తే వెనక్కి వచ్చింది. చూస్తూండగానే దయ్యాలకు చిక్కింది. అందరూ నవ్వారు.

మనవరాలు మాత్రం ఒక అట్టముక్క తెచ్చి, పెన్సిలు సగం దాకా గుచ్చి చూపించింది. “చూడు తాతయ్యా, పై కొస ఎడమకు పోతే కింది కొస కుడికి పోతున్నది. నొక్కుకునేది కుడి స్విచ్చి!”

తులాదండం! మధ్యలో ఆధారం ఉంటే రెండు కొసలూ ఎదురు దిక్కులకు కదులుతాయి. ఏతం అంతే, కత్తెర అంతే. ఏటా నల్లబల్లమీద బొమ్మ వేసి చెప్పినవాణ్ణి, అది నా చేతిలోనే ఉంటే పోల్చుకోలేకపోయాను.

“నువ్వు చెప్పిందే సరి అమ్మా, తప్పు నాది” అని అందరి ముందూ అన్నాను. అనడం కొంచెం కష్టంగానే ఉండింది. బడిలో “చూసి చెప్పనా మాష్టారూ” అన్న పిల్లలను ఎందరిని “కూర్చో” అన్నానో గుర్తుకు వచ్చింది. పావుగంటలో మనవరాలే చీటీలు పీకి, మార్చి అంటించింది. ఇప్పుడు బొమ్మ చెప్పినట్టు వింటున్నది.

మీరూ చేయదలిస్తే చేయండి. అయితే ఇంటి కరెంటు జోలికి పెద్దవాళ్ళు పక్కన లేకుండా పోవద్దు. పెద్దలకూ ఒక మాట: పిల్లలు “ఒక్కసారి చూద్దాం” అంటే, చూడనివ్వండి.

ఇక మీకొక ప్రశ్న. కర్రను ఎడమకూ ముందుకూ మధ్యనున్న మూలకు తోస్తే ఎన్ని స్విచ్చులు నొక్కుకుంటాయి? అవి ఏ వైపువి? ఊహించి చెప్పకండి. అట్టా, పెన్సిలూ తీసుకుని చూసి చెప్పండి. జవాబు వచ్చే నెల.