పెరటి పాటకు పెద్దపీట

అమెరికాలో ఉన్న పిల్లలకి మనం ఏం పంపిస్తాం? బెల్లం ఆవకాయ, కందిపొడి, పండక్కి ఓ చీర. పార్శిలు కట్టేటప్పుడు తూకం చూసుకుని మరీ సర్దుతాం. తూకమే లేనిది, పైసా ఖర్చు కానిది ఇంకోటి ఉంది. మామ్మలు పాడే పాట. దాన్ని మాత్రం పంపించడం మరిచిపోతున్నాం.

ఆ పాట విలువ గుర్తించి సముద్రాలు దాటించిన పెద్దమనిషి మన వైపు వారే. ఆయనే వెల్చేరు నారాయణరావు గారు. శ్రీకాకుళం ప్రాంతపు అంబఖండిలో పుట్టారు. ఏలూరులో కాలేజీ మేష్టారుగా పనిచేసి, 1971లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. చలికాలమంతా మంచు పేరుకుపోయే మేడిసన్ ఊళ్ళో మూడు దశాబ్దాలకు పైగా పాఠాలు చెప్పారు.

పరాయి దేశం వెళ్ళినవాళ్ళు గుడి కట్టుకుంటారు, ఉగాదికి కలుసుకుంటారు. అదీ కావలసిందే. నారాయణరావు గారు ఇంకో దారి పట్టారు. మన పుస్తకాలను ఇంగ్లీషు చదివేవాళ్ళ ముందు పెట్టారు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన మన గురజాడ వారి కన్యాశుల్కాన్ని 2007లో ఇంగ్లీషులోకి తెచ్చారు. ఇజ్రాయెల్ పండితుడు డేవిడ్ షుల్మన్‌తో కలిసి చేసిన మనుచరిత్ర అనువాదం 2015లో వచ్చింది. అందులో ఓ పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు. అక్కడే పుట్టి పెరిగి తెలుగు చదవడం రాని పిల్లకైనా ఇప్పుడు మధురవాణి ఎవరో, బుచ్చమ్మ కష్టమేమిటో తెలుసుకునే వీలుంది.

మన ఆడవాళ్ళం ఆయన్ని తలుచుకోవలసిన కారణం ఇంకొకటుంది. ఆయన కావ్యాల దగ్గరే ఆగిపోలేదు. ఇంటి వెనక, మగవాళ్ళు చెవిన పెట్టని చోట ఆడవాళ్ళు పాడుకునే రామాయణం పాటలు విన్నారు. వాటి మీద ఆయన రాసిన వ్యాసం పౌలా రిచ్‌మన్ సంపాదకత్వంలో 1991లో వచ్చిన రామాయణ వ్యాసాల సంపుటిలో ఉంది.

ఆ పాటల్లో ఏముంటుందంటారా? యుద్ధాలు తక్కువ, ఇల్లు ఎక్కువ. కౌసల్య వేవిళ్ళు, పురిటి నొప్పులు, సీతమ్మ అప్పగింతలు. పధ్నాలుగేళ్ళు నిద్రపోయిన ఊర్మిళ, తిరిగొచ్చిన లక్ష్మణుణ్ణి ఎవరో పరాయివాడనుకుని హడలిపోవడం. శూర్పణఖ మారువేషంలో వచ్చి సీత చేత రావణుడి బొమ్మ గీయించడం, ఆ బొమ్మ మూలాన సీతకు అడవి పాలు కావడం.

ఇవి కాలక్షేపం పాటలు కావని నారాయణరావు గారు చెప్పారు. కొత్త కోడలి భయం, అత్తింటి ఆరళ్ళు, మొగుడి అనుమానం ఇలాంటివన్నీ నోరు తెరిచి అనలేని ఆడవాళ్ళు సీత పేరు పెట్టి, ఊర్మిళ పేరు పెట్టి పాడుకున్నారు. రాముణ్ణి పూజిస్తూనే, ‘ఇదేం న్యాయం స్వామీ’ అని అడిగారు. పొలంలో పని చేసుకుంటూ పాడే ఆడవాళ్ళ పాటల తీరు వేరని కూడా ఆయన గమనించారు. ఇంటింటికీ బతుకు వేరు కదమ్మా, పాట మాత్రం ఒకటెలా అవుతుంది?

చదువుకోని వాళ్ళ పాటలేలే అని మనమే తీసిపారేసినవాటిని విశ్వవిద్యాలయంలో కూర్చోబెట్టారాయన. అయితే ఒక్క మాట. ఎంత గొప్ప ప్రొఫెసరైనా మీ వీధిలో మామ్మ దగ్గరకు వచ్చి కూర్చోలేడు. ఆ పని మనదే. ఆవిడ వెళ్ళిపోతే ఆ పాటా వెళ్ళిపోతుంది. ఏ పుస్తకంలోనూ వెతికితే దొరకదు.

అందుకని ఈ వారం వంటతో పాటు ఈ పని కూడా పెట్టుకోండి. మధ్యాహ్నం పని తెమిలాక అత్తగారినో, అమ్మనో, పక్కింటి మామ్మనో కూర్చోబెట్టి పాడించండి. పొలం పనికి, ఇంటి పనికి వచ్చే అప్పలనూ అడగండి. చేతిలో ఫోనుంది కాబట్టి రికార్డు చెయ్యడం తేలిక. తరువాత నోటుబుక్కులో రాసిపెట్టండి. ఆవిడ ‘ఒగ్గీసినాడు’ అంటే అలాగే రాయండి, మీరు దిద్దకండి. ఏ ఊళ్ళో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, పెళ్ళిలో పాడేదో, పురిటిలో పాడేదో కూడా అడిగి రాసుకోండి. ‘నాకేటొచ్చమ్మా’ అని మొదట సిగ్గుపడతారు. మీరే ఓ చరణం ఎత్తుకోండి, తప్పు పాడినా ఫరవాలేదు. దాన్ని దిద్దడానికైనా ఆవిడ గొంతు విప్పుతారు.

ఆ రికార్డు ఒక కాపీ దూరాన ఉన్న పిల్లకి పంపండి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. నారాయణరావు గారిని గౌరవించుకోవడానికి దండలూ, సభలూ అక్కర్లేదు. ఒక్క పాట నిలబెడితే చాలు.