ఆగిన యంత్రం దగ్గరే అసలు జాగ్రత్త

మన ఊళ్లలో చాలా ఇళ్ల ప్రహరీ వెంట గోరింట కంచెగా పెరుగుతుంది. పండుగ దగ్గర పడిందంటే ఆడపిల్లల అరచేతులకు ఆకు అక్కడి నుంచే వస్తుంది. వానలు కురిశాక అదే గోరింట గుబురుగా ఎగబాకి దారికి అడ్డం పడుతుంది. వెనుకటి రోజుల్లో ఇంటి పెద్దలు పొడవాటి కత్తెర పట్టుకొని పూటంతా ఓపికగా కత్తిరించేవారు. నేడు ఆ కత్తెర స్థానంలోకి హెడ్జ్ ట్రిమ్మర్ అనే యంత్రం వచ్చింది. పూట పట్టే పనిని అది కొద్దిసేపట్లో ముగిస్తుంది. అయితే కత్తెర వద్ద అక్కరలేని కొన్ని జాగ్రత్తలు ఈ యంత్రం వద్ద తప్పనిసరి.

కొంతకాలం క్రితం మా ఇంట జరిగిన సంగతి ఇది. మా అబ్బాయి గోరింట కంచె కత్తిరిస్తుండగా లావుపాటి కొమ్మ ఒకటి యంత్రం పళ్ల మధ్య ఇరుక్కుంది. యంత్రం ఆగిపోయింది. వాడు కుడిచేత్తో యంత్రాన్ని పట్టుకొనే ఎడమచేత్తో కొమ్మ లాగబోయాడు. వరండాలో కూర్చున్న వాడి నానీ అది చూసి, "బేటా, ముందు ప్లగ్గు తియ్యి!" అని కేక వేశారు. "ఆగిపోయింది కదా నానీ" అన్నాడు వాడు. "ఆగలేదు బేటా, ఇరుక్కుంది" అన్నారామె.

ఆ మాటలో ఉన్న వ్యత్యాసాన్ని మనమందరం గ్రహించాలి. ఈ యంత్రంలో పళ్లున్న రెండు పలకలు ఒకదానిపై ఒకటి నిమిషానికి వెయ్యిసార్లకు పైగా ముందుకు వెనుకకు కదులుతాయి. కొమ్మ అడ్డుపడినప్పుడు పలకలు నిలిచిపోతాయి గాని, విద్యుత్తు నిలిచిపోదు. మీట మీద వేలు ఉండగానే కొమ్మ ఊడివస్తే పళ్లు తక్షణం కదులుతాయి. మీట వదిలిన తర్వాత కూడా కొన్ని యంత్రాలలో పలకలు క్షణకాలం ఆడుతూనే ఉంటాయి. కనుక ముందు ప్లగ్గు తీయాలి. బ్యాటరీతో నడిచేదైతే బ్యాటరీని వేరుచేయాలి. ఆ తర్వాత కూడా కొమ్మను వేళ్లతో కాక చిన్న కర్రతో తోసివేయాలి. శుభ్రపరిచేటప్పుడు, నూనె పూసేటప్పుడు సైతం ఇదే నియమం.

చాలా యంత్రాలకు రెండు చేతులతో నొక్కితేనే నడిచే రెండు మీటలు ఉంటాయి. రెండు చేతులూ పిడుల మీదనే ఉంటే ఏ వేలూ పళ్ల వద్దకు చేరదన్నదే అందులోని ఉద్దేశం. సౌకర్యం కోసం ఒక మీటను తాడుతోనో టేపుతోనో బిగించి ఒంటిచేత్తో నడపటం మన రక్షణను మనమే తొలగించుకోవటం.

ఇక రెండో ప్రమాదం వైరు. యంత్రం తన వైరును తానే కోసివేయగలదు. అందుచేత వైరును భుజం మీదుగా వీపు వెనుకకు వేసుకోవాలి. సాకెట్టుకు దగ్గరగా ఉన్న కొస నుంచి పని మొదలుపెట్టి దూరంగా జరుగుతూ పోతే వైరు ఎల్లప్పుడూ వెనుకనే ఉంటుంది. ఆకులు తడిగా ఉన్నప్పుడు, వాన పడుతున్నప్పుడు ఈ పని తగదు. ఇంటి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అమర్చుకోవాలి. ఫ్యూజు వైర్లు కాలిపోకుండా కాపాడుతుంది. విద్యుత్తు మనిషి ఒంటి గుండా నేలలోకి పారుతున్నప్పుడు దానిని గుర్తించి సరఫరాను తెంచేది ఆర్‌సీసీబీయే. వైరు తెగితే యంత్రాన్ని గాని వైరును గాని తాకకుండా ముందు మెయిన్ స్విచ్ కట్టివేయాలి.

పని ప్రారంభించే ముందు కంచెను పొడవాటి కర్రతో నెమ్మదిగా కదిపి చూడాలి. కందిరీగల తుట్టె, పసిరిక పాము, పిట్టగూడు ఏవైనా ఉండవచ్చు. గూటిలో గుడ్లో పిల్లలో ఉంటే అవి ఎగిరిపోయే వరకు ఆ భాగాన్ని వదిలివేయటమే ధర్మం. కొమ్మల్లో దాగిన ఇనుపతీగలు, మేకులు, బట్టలారేసే తాళ్లు తీసివేయాలి. వేలికంటే లావైన కొమ్మలను ముందుగానే చేతికత్తెరతోనో రంపంతోనో కోసుకుంటే యంత్రం ఇరుక్కునే అవకాశమే తగ్గుతుంది.

కళ్లకు అద్దాలు, చేతులకు మందపాటి తొడుగులు, కాళ్లకు మూసిన బూట్లు ఉండాలి. వేలాడే దుపట్టా, వదులైన కుర్తా చేతులు, లుంగీ అంచు పళ్లకు చిక్కే ప్రమాదముంది. నేల మీద రెండు కాళ్లూ ఆనించి నిలబడి పనిచేయాలి. కుర్చీ మీద, స్టూలు మీద ఎక్కి భుజాలకంటే ఎత్తుకు యంత్రాన్ని లేపరాదు. పిల్లలను ఇంటి లోపలే ఉంచాలి. ఉపవాసమున్న మధ్యాహ్నం, ఒంట్లో నీరు తగ్గి చేతులు వణికే వేళ ఈ పని పెట్టుకోరాదు. పండుగలోపు వాకిలి చక్కబెట్టాలన్న తొందర ఉన్నా, ఉదయపు చల్లదనంలో కొద్దికొద్దిగా చేసుకోవచ్చు.

ఇంత జాగ్రత్తపడినా గాయమైతే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేతిని పైకెత్తి ఉంచాలి. కాఫీపొడి, పసుపు అద్దరాదు. వేలు తెగిపడితే దానిని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, ఆ సంచిని మంచుముక్కలు వేసిన నీటిలో ఉంచి, గాయపడిన వ్యక్తితో పాటే ఆసుపత్రికి చేర్చాలి. మంచు తెగిన భాగానికి నేరుగా తగలకూడదు. 108కు ఫోను చేయటంలో ఆలస్యం వద్దు.

ఆ రోజు మా అబ్బాయి వెళ్లి ప్లగ్గు తీసి వచ్చాడు. అందుకు పట్టినది అర నిమిషం. ఆ తర్వాత కర్రతో తోయగా కొమ్మ ఊడి వచ్చింది. దానికి యంత్రం పళ్లు పడిన లోతైన గాట్లను చూసి వాడు చాలాసేపు మాట్లాడలేదు. యంత్రాన్ని ఇంటికి తెచ్చుకొనే ప్రతి కుటుంబం, దానిని నడిపేవారితో పాటు చుట్టూ ఉండే వారికీ ఈ ఒక్క నియమాన్ని నేర్పాలని మా మనవి. వరండాలో కూర్చున్న వారి కేక కూడా ఒక్కోసారి చేతిని కాపాడుతుంది.